చర్చ: ‘మాక్’ అంటే ఎక్కిరించుడేనా?

కాజీపేట_జంక్షన్: మా టీం లీడ్ ప్రెజెంటేషన్ అయినంక గ్రూపుల చప్పట్ల బొమ్మలు పెట్టిన. ‘డోంట్ మాక్ మీ’ అని రిప్లై ఇచ్చిండు. మాక్ అంటే ఎక్కిరించుడా, నకలు జేసుడా? టీజ్‌కు దీనికి తేడా ఏంది? ‘మాక్డ్ ఆన్ మీ’ అనొచ్చా?

గడ్డపార: ఎక్కిరించుడే. ఇంతకు ఎన్ని బొమ్మలు పెట్టినవ్ తమ్మి?

ఎప్‌సెట్_బాధితుడు: మరి మాక్ టెస్టుల ఎవడు ఎక్కిరిస్తడు? నాకైతే మార్కులే ఎక్కిరిస్తున్నయి. ఫిజిక్స్ అయితే మరీ.

సుబేదారి_సారు: ఏండ్ల సంది ఇంగ్లీష్ గ్రామర్ చెప్తున్న, జర విను. క్రియ అయితే ఎగతాళి. ఎదుటోని మాట, నడక వాని లెక్కనే జేసి చూపెట్టి నవ్వుడు దాంట్లకే వస్తది. పేరు ముంగట విశేషణంగ వస్తే ఉత్తుత్తి అని. మాక్ టెస్ట్ అంటే ఉత్తుత్తి పరీక్ష. ‘ఆన్’ రాదు, ‘హి మాక్డ్ మీ’ అంతే. ‘నా మీద’ అనే మన అలవాటును తీస్కపోయి ఆడ అతికిస్తరు. స్కాఫ్, స్నీర్ అంటే మాత్రం ఎనుక ‘ఎట్’ ఉండాలె.

పోలింగ్_డ్యూటీ: ఉత్తుత్తి అంటే నేను ఒప్పుకోను. మాక్ పోల్ ఉత్తుత్తిదా? అసలు పోలింగ్‌కు 90 నిమిషాల ముందు మొదలువెట్టి, ఏజెంట్ల ముంగట తక్కువల తక్కువ 50 ఓట్లు ఏపిచ్చి, లెక్క కలిసిందా చూసి, క్లియర్ నొక్కి, వీవీప్యాట్ చీటీలు నల్ల కవర్ల పెట్టి సీల్ ఏస్తం. చీకట్ల లేచి చేసే పని అది.

సుబేదారి_సారు: ఆ 50 ఓట్లతోని ఎవలన్న ఎమ్మెల్యే అయిండా? గందుకే ఉత్తుత్తి అన్న.

పోలింగ్_డ్యూటీ: ట్యూషన్ల కూసొని మాట్లాడుడు అల్కగనే ఉంటది. క్లియర్ నొక్కుడు మర్చిపోతే ఏమైతదో తెలుసా మీకు?

సుబేదారి_సారు: నేను అర్థం చెప్పిన, మీ డ్యూటీని తక్కువ జెయ్యలే. చదివి రాయున్రి.

పోలింగ్_డ్యూటీ: ‘చదివి రాయున్రి’. గిది మాకింగ్ గాదా సారూ?

పిట్టలదొర: అమెరికల మాకింగ్‌బర్డ్ అని ఓ పిట్ట ఉంటది. వేరే పిట్టల కూతలన్నీ కూస్తది. సైన్స్ పేరు మైమస్ పాలీగ్లాటస్. దానికి ఎక్కిరింపు ఏడ తెలుసు పాపం, ఊకే కూస్తది.

గడ్డపార: గీ పిట్ట ఎందుకొచ్చింది మధ్యల?

పరకాల_పిల్ల: టీజ్‌కు మాక్‌కు తేడా నాకు తెలుసు. హైదరాబాద్ హాస్టల్ల నేను ‘గిట్ల’ అన్నా, ‘పోయిన’ అన్నా రూమ్మేట్లు అదే రాగంల తిరిగి అనేటోళ్లు. అడిగితే ‘జస్ట్ టీజింగ్’ అన్నరు. టీజింగ్ అయితే నాకు గూడ నవ్వు రావాలె గదా. ఒక్కనాడు రాలే.

ఓరుగల్లు_కోట: అక్కా, సినిమాలల్ల మన యాసను రౌడీలకు, పనోళ్లకే పెట్టిన కాలం మర్చిపోతమా? ఇప్పుడు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 మన భాషా దినోత్సవం.

గడ్డపార: ఆ దినం గూడ మైకుల గ్రాంథికమే దంచుతరు.

జగిత్యాల_జామ: మీరేం తక్కువ? హన్మకొండ బస్టాండ్ల నేను ‘బస్సు అచ్చిందా’ అంటే మీ ఓరుగల్లోళ్లే నవ్విన్రు.

ఓరుగల్లు_కోట: అది ప్రేమతోని, అన్నా.

పరకాల_పిల్ల: మా రూమ్మేట్లు గూడ గదే అన్నరు.

జగిత్యాల_జామ: చెప్పు అక్కా, బాగ చెప్పు.

ఓరుగల్లు_కోట: ఇద్దరు కలిసి నా మీద పడ్డరేంది? నేను నవ్విన్నా ఆడ?

కాజీపేట_జంక్షన్: అన్నా, టీం లీడ్‌కు ఏం రాయాలె?

పోలింగ్_డ్యూటీ: సుబేదారి సారు, మాక్ డ్రిల్ సంగతి చెప్పున్రి. ఫైరింజన్ వస్తది, సైరన్ మోగుతది, నీళ్లు కొడ్తరు. నీళ్లు గూడ ఉత్తుత్తియేనా?

సుబేదారి_సారు: నీళ్లు నిజమే, మంట ఉత్తుత్తి. ఇగ నాకు బ్యాచ్ ఉన్నది.

ఎప్‌సెట్_బాధితుడు: సార్, బ్యాచ్ ఫీజు ఎంత?