కొత్త గాయని ఆల్బమ్: సీడీ కవరు, పేపర్ యాడ్, ఫ్లెక్సీకి ఒకే ఫైలు చాలునా?

ప్రశ్న (నెల్లూరు): 500 సీడీలు, అట్ట కవరు. జిల్లా ఎడిషన్‌లో పేపర్ యాడ్, ట్రంకురోడ్డులో 20×10 అడుగుల ఫ్లెక్సీ. ముదురు నీలం మీద గాయని ముఖం, తెల్ల తెలుగు అక్షరాలు. ఒకే డిజైన్‌ను సైజు మార్చి పంపొచ్చా అన్నా?

జవాబు 1: కుదరదు తమ్ముడూ. ముందు ప్రెస్సు నుంచి డై లైను (కోత, మడత గీతల నమూనా) తెప్పించుకో. మామూలుగా కవరు 125×125 మి.మీ., చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయేందుకు బయటికి పెంచే రంగు). అక్షరాలు అంచుకు 4 మి.మీ. లోపలే ఉండాలి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు తీసుకుంటే మడతలో నీలం పగిలి తెల్లగీత పడుతుంది. మ్యాట్ లామినేషన్ చేయించి, తర్వాత క్రీజింగ్ (మడతకు ముందు నొక్కుడు గీత) వేయించు. కాగితం గ్రెయిన్ (నారల దిశ) మడత వెంబడే ఉండాలి. నీలంలో సయాన్ (లేత నీలం సిరా) 100 శాతం అయితే మజెంటా (గులాబీ సిరా) 70 దాటనీకు, ఊదా తిరుగుతుంది.

జవాబు 2: అసలు తంటా పేపర్ యాడ్‌తోనే. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చి అచ్చు చుక్క ఉబ్బుతుంది, నీలంలో జుట్టు కలిసిపోతుంది. నాలుగు రంగుల శాతాలు కలిపి మొత్తం సిరా 240 లోపు ఉంచి, ఫోటోను కాస్త లేతగా చెయ్యి. తెల్ల అక్షరాల్లో ఒత్తులు, గుడులు పూడిపోతాయి. లావు ఫాంటు, 14 పాయింట్లకు తగ్గకుండా. తేదీ, ఫోను నంబరు తెల్లటి పట్టీ మీద నలుపు ఒక్కదానితోనే వెయ్యి.

జవాబు 3: ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతే వరల్డ్ రెడీ లేఅవుట్ అనే టైప్ సెట్టింగ్ ఆన్ చెయ్యి. అను (పాత డీటీపీ) ఫాంట్లయితే కర్వ్స్‌లోకి, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చి పంపు. ఫ్లెక్సీకి 72 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, 20 అడుగులకు అదే 17,280 పిక్సెళ్ల వెడల్పు. 300 పెడితే ఫ్లెక్సీ ప్రింటు చేసేవాళ్ల సిస్టమ్ ఫైలు తెరవను కూడా తెరవదు!