ఫొటో వెనక “లాసునాయకు, సేపరు పటాలం, నేపిల్సు” – ఎలా చదవాలి?

నరసన్నపేట నుంచి ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. మా తాతగారి అన్నగారిది యుద్ధం నాటి ఫొటో ఒకటుంది. పోస్టుకార్డంత అట్ట. వెనక పెన్సిలుతో ఇలా రాసి ఉంది: “తారణ సం॥ ఆశ్వీజ బ॥ 5 స్థిరవారం. పెద్దబాబు ఫొటో. లాసునాయకు. సేపరు పటాలం. నేపిల్సు.” నేపిల్సు అంటే నేపాలేమో అంటారు ఒకరు. లాసు అంటే నష్టం అంటారు ఇంకొకరు. ఫొటోలో ఆయన చొక్కా చేతిమీద ఒక గీత, దానికి పైన నల్లటి చదరపు గుడ్డముక్క, ఛాతీమీద రెండు రిబ్బన్లు కనిపిస్తున్నాయి. ఈ రాతను బట్టి ఆయన ఎక్కడ పనిచేశారో తేలుతుందా?

తెనాలి:
చాలావరకు తేలుతుందండీ. ఒక్కో మాటే చూద్దాం.

లాసునాయకు అంటే లాన్స్ నాయక్. అది హోదా. నష్టానికీ దానికీ సంబంధం లేదు, నాయకు అన్నది ఇంటిపేరూ కాదు. చేతిమీద ఒక గీత ఉందన్నారు కదా, సరిగ్గా సరిపోయింది: ఒక గీత లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దారు. రాతా ఫొటో ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయంటే రాసినవారికి సంగతి బాగా తెలుసన్నమాట. మిగతా మాటల్ని కూడా నమ్మవచ్చు.

సేపరు అంటే సాపర్. సిపాయి అన్న మాట కాలాళ్లది. గుర్రపు దళంలో సవారు అంటారు, ఫిరంగి దళంలో గన్నర్ అంటారు, ఇంజనీరు దళంలో సాపర్ అంటారు. తెలుగువాళ్లు సాపర్ అయ్యారంటే దాదాపుగా బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ దళమే. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. మీ కాగితం మీద అన్నిటికంటే విలువైన మాట ఇదే.

పటాలం దగ్గర మాత్రం జాగ్రత్త. బెటాలియన్‌కు చుట్టమైన మాటే అయినా, ఊళ్లో మొత్తం సైన్యాన్నే పటాలం అనేవారు. పటాలంలో చేరాడంటే మిలట్రీలో చేరాడనే అర్థం. సాపర్లు ఫీల్డ్ కంపెనీలుగా ఉండేవారు. కాబట్టి ఫలానా బెటాలియన్ అని వెతికితే దారి తప్పుతారు. మీక్కావలసింది కంపెనీ నంబరు.

నేపిల్సు నేపాలు కాదండీ, ఇటలీలోని నేపుల్స్.

వరంగల్లు:
తేదీ సంగతి నేను చెప్తాను. ప్రభవాది వరుసలో 1939లో మొదలైంది ప్రమాథి. ఆ తర్వాత విక్రమ, వృష, చిత్రభాను, స్వభాను, తారణ, పార్థివ. అంటే తారణ 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. ఆశ్వీజ బహుళ పంచమి 1944 అక్టోబరు 7న పడింది. ఆ రోజు శనివారం. మీ కాగితం మీద స్థిరవారం అని ఉంది కాబట్టి సంవత్సరం, తిథి, వారం మూడూ కలిశాయి. ఇలా వారంతో సరిచూసుకోవడం ఎప్పుడూ మంచిది. సంవత్సరం అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది, చేతిరాతలో శు॥కీ బ॥కీ పొరపాటు పడే వీలుంది.

ఇలాంటి రాతలు చదివే అందరికీ రెండు ముక్కలు. మాఘ, ఫాల్గుణ తేదీలు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వెళ్తాయి: తారణ ఫాల్గుణం అంటే 1945. ఇక ప్రమాథి వేరు, ప్రమాదీచ వేరు. రెండోది 1913లో వచ్చింది. ఈ రెంటినీ కలిపేస్తే మనిషి ఒక యుద్ధంలోంచి ఇంకో యుద్ధంలోకి వెళ్లిపోతాడు.

అయితే నా ఉద్దేశంలో అది ఫొటో తీసిన తేదీ కాదు. ఇటలీలో ఉన్న సైనికుడు తిథి వేసి రాయడం అరుదు, చేతిలో పంచాంగం ఉండదు కదా. పైగా తన ఫొటో వెనక తానే “పెద్దబాబు ఫొటో” అని రాసుకోడు. ఉత్తరంతో పాటు ఫొటో ఇల్లు చేరిన రోజున ఇంట్లో పెద్దవారెవరో రాసి ఉంటారు. ఆ తేదీని తీసిన రోజుగా కాక, ‘అప్పటికే తీసేశారు’ అన్న హద్దుగా పెట్టుకోండి.

బెంగుళూరు:
వరంగల్లువారి మాట చాలా ముఖ్యం. ఇప్పుడు రెండో హద్దు చూద్దాం. నేపుల్స్ మిత్రసేనల చేతికి వచ్చింది 1943 అక్టోబరు 1న. అంటే ఫొటో ఆ రోజుకీ 1944 అక్టోబరు 7కీ మధ్యలోది.

ఆ నల్ల గుడ్డముక్కను వదలకండి. అది డివిజన్ (అనేక దళాలు కలిసిన పెద్ద సైనిక విభాగం) గుర్తు అయ్యుంటుంది. అప్పటి స్టూడియోల్లో ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఇంకా వాడుకలో ఉండేది. దానికి ఎరుపు కనిపించదు, నలుపుగా పడుతుంది. నీలం తెల్లబడుతుంది. 4వ ఇండియన్ డివిజన్ గుర్తు నలుపు మీద ఎర్ర గద్ద, 5వ డివిజన్‌ది నలుపు మీద ఎర్ర గుండ్రం. ఇలాంటి ఫిల్ము మీద రెండూ ఉత్త నల్ల చదరంగానే వస్తాయి. ఆ భాగం ఒక్కదాన్నే 1200 డీపీఐలో, నలుపు-తెలుపులో కాకుండా రంగుల్లో స్కాన్ చేసి, ముదురు భాగాల వెలుగు మాత్రం మెల్లగా పెంచండి. రెక్కలు తేలుతున్నాయా, గుండ్రం తేలుతుందా చూడండి. 5వ డివిజన్ 1943లోనే ఇండియాకు తిరిగివచ్చి బర్మా వైపు వెళ్లింది కాబట్టి నేపుల్స్‌తో పొసగదు. గద్ద అయితే పొసగుతుంది: 4వ డివిజన్ 1943 డిసెంబరులో ఇటలీ చేరి, 1944 ఫిబ్రవరి, మార్చిల్లో అక్కడి కసీనో ఊరి దగ్గర పోరాడింది. ఆ డివిజన్‌తో ఉన్న 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ మద్రాస్ సాపర్లవే. 8, 10 డివిజన్లు కూడా ఇటలీలో ఉన్నాయి, వాటి గుర్తులు వేరు.

రిబ్బన్లలో ఒకటి లేత రంగుదై, నడుమ మందపాటి నల్లగీత ఉంటే అది ఆఫ్రికా స్టార్ అనే పతకానిది. నడిమి గీత అసలు రంగు ఎరుపు. దానిమీద చిన్న 8 అంకె లోహంతో ఉంటే 8వ ఆర్మీతో ఉత్తర ఆఫ్రికాలో ఉన్నారని అర్థం. ఇటలీ స్టార్, బర్మా స్టార్ 1945 మేలో గాని పుట్టలేదు. ఈ ఫొటోలో అవి కనిపిస్తే మన లెక్క ఎక్కడో తప్పిందన్నమాట.

ఇంకొకటి చూడండి. రిబ్బన్లు మనిషి ఎడమ ఛాతీమీద ఉండాలి. ఆయన కుడి ఛాతీమీద కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ముద్రించారని అనుమానించాలి.

తెనాలి:
స్కాన్ మాట వచ్చింది కాబట్టి: వెనక రాత ఊదారంగు ఛాయలో ఉంటే అది కాపీయింగ్ పెన్సిలు. దుమ్ము పోతుందని తడిగుడ్డ పెట్టారా, రంగు కరిగి పాకి అక్షరాలు పోతాయి. తడి తగలనివ్వకండి, రబ్బరుతో రుద్దకండి. చీకటి గదిలో టార్చిని దాదాపు అట్టకు ఆనించి పక్కవాటుగా వేసి ఫోన్‌తో నాలుగు దిక్కులనుంచీ తీయండి. చెరిగిపోయిన పెన్సిలు రాత కూడా గాడి నీడలో కనిపిస్తుంది. అదే వెలుగులో ముందువైపు కింది మూలలు చూడండి, స్టూడియో పేరు సిరా లేకుండా ఉబ్బెత్తుగా అద్ది ఉండవచ్చు. ఫొటో ఆల్బం పేజీకి అంటుకుని ఉంటే పీకవద్దు, పేజీతోనే స్కాన్ చేయండి.

నరసన్నపేట:
అందరికీ ధన్యవాదాలండీ. టార్చి వేసి చూస్తే అట్ట మూలన ఇటలీ భాషలో ఏవో అక్షరాలు లేచాయి. ఆర్మీ నంబరు మాత్రం ఎక్కడా లేదు. నంబరు లేకుండా రికార్డులు దొరుకుతాయా?

బెంగుళూరు:
కష్టమే గాని దారులున్నాయి. ముందు ఇంట్లో వెతకండి: డిశ్చార్జి సర్టిఫికెట్, పింఛను కాగితం, మనియార్డరు రసీదులు, పాత ఉత్తరాల కవర్లు. పతకాలుంటే గుండ్రటివాటి అంచునా, నక్షత్రాల వెనకా భూతద్దంతో చూడండి. మన సైనికులకు ఇచ్చిన చాలావాటి మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పాలిష్ పెట్టి తోమితే ఆ అక్షరాలే అరిగిపోతాయి.

తర్వాత బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్ల దళానికి ఇప్పటి పేరు) రికార్డ్స్ కార్యాలయానికి ఉత్తరం రాయండి. పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, చేరిన ఏడు సుమారుగా, మీకు ఆయన ఏమవుతారు, ఇవన్నీ ఉండాలి. ఫొటో రెండు వైపులా నకలు జతచేయండి, అసలు పంపకండి. జిల్లా దగ్గరే చాలామంది తప్పుతారు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. యుద్ధకాలంలో మీ ఊరు విశాఖపట్నం జిల్లా కింద, 1936కు ముందు గంజాం కింద ఉండేది. శ్రీకాకుళాన్ని కాగితాల్లో చికాకోల్ అని రాసేవారు. ఆయన చేరిన ఏటికి ఏది సరిపోతే అది రాయండి, రెండూ రాస్తే ఇంకా మేలు.

పేరు ఒక్క స్పెల్లింగుతో వెతకవద్దు. ఇంటిపేరు వదిలేసి పెట్టిన పేరు ఒక్కటే నమోదు చేసినవి ఎక్కువ. అప్పలస్వామి అన్నది అప్పలసామి కావచ్చు, రెండు ముక్కలుగా అప్పల స్వామి కావచ్చు. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరుతో వెతకవచ్చు. కొన్ని నమోదుల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

కంపెనీ తేలాక లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్ డైరీ (యుద్ధకాలంలో కంపెనీ రోజువారీగా రాసిన నమోదు) అడగండి. ఇటలీవి డబ్ల్యూ.ఓ. (వార్ ఆఫీస్) 170 వరుసలో, మధ్యప్రాచ్యానివి 169లో, బర్మావి 172లో ఉంటాయి. సాపర్ల పేర్లు డైరీలో దొరకడం అరుదు. ఏ రోజున కంపెనీ ఏ వంతెన దగ్గర ఉందో దొరుకుతుంది. శౌర్యపతకానికి సిఫారసు చేసి ఉంటే అది 373లో ఉంటుంది.

వరంగల్లు:
తెలంగాణ కుటుంబాలవారు ఇది చదివితే ఒక మాట. ఫొటో వెనక హైదరాబాద్ రెజిమెంట్ అని ఉంటే వెంటనే నిజాం సైన్యం అనుకోవద్దు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యానిది. అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ, 1945లో అదే కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సంస్థానపు సేన వేరు. దాని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయం దగ్గర ఉంది. తేదీ ఫసలీలో (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు ఏడు వస్తుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలవుతుంది, మద్రాసు ఫసలీ జూలై 1న. అందుకని ఏ ప్రాంతపు కాగితమో ముందు తేల్చుకుని లెక్క వేయండి.