చెక్క వేదిక మీద మూడో కాలం (నాలుగింతల వేగం) దెబ్బలు కలిసిపోతున్నాయి, ఏం చేయాలి?

వినికిడి లేని పిల్లలకు (ఆరుగురు, 8–11 ఏళ్లు) ఆదితాళం (ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల తాళం) నేర్పడానికి 8×4 అడుగుల చెక్క వేదిక వాడుతున్నాం. 18 మి.మీ. ప్లైవుడ్, కింద అంచుల పొడవునా 2 అంగుళాల చెక్క పట్టీలు. పిల్లలు చెప్పుల్లేకుండా నిలబడతారు, డప్పును వేదికకు ఆనించి కొడతాం. సిమెంటు నేల మీద ఈ అదురు పాదాలకు అందదు.

చేతి తాళం తొందరగానే పట్టుకున్నారు. దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు, అన్నీ కంటికి కనిపించేవే కదా. అక్షరానికి ఒక సెకను చొప్పున మొదటి, రెండో కాలాలు బాగున్నాయి. మూడో కాలంలో సెకనుకు నాలుగు దెబ్బలు. ఒకదాని అదురు ఆగకముందే ఇంకోటి పడుతుంది, పాదాలకు అంతా ఒకటే మోత. ఒక పాప మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడి వెతుక్కుంటుంది, అందక మా చేతులకేసి చూస్తుంది. చూసి వేస్తే లయ ఒంటికి పట్టదని మా భయం.

పట్టీల కింద రబ్బరు పెట్టి చూశాం. మోతతోపాటు దెబ్బ బలమూ పోయింది. రబ్బరు తీసేసి మధ్యలో అడ్డపట్టీలు వేస్తే సరిపోతుందా, ఎంత ఎడంగా వేయాలి? లేదా ఒక్కొక్కరికీ విడి పలక చేయించడం మేలా?

ఇంకొకటి. తంబురా శ్రుతిని తమలోంచి వచ్చే ఈల అనుకుని వినికిడి యంత్రాలు అణిచేస్తున్నాయి. ఈల అణిచే అమరికను సంగీతం క్లాసు వరకు ఆపించినవాళ్లుంటే, యంత్రం కూతపెట్టకుండా ఏం చేశారో దయచేసి చెప్పండి.