ఇంటిల్లిపాది ప్రయాణాల డైరీ: ఎలా రాస్తే లెక్క తేలుతుంది? (బెంగళూరు)

నడక_లెక్క:
ఊళ్లో మెట్రో ఉన్నా ఇంట్లోవాళ్లు కారు ఎందుకు తీస్తున్నారో ఊహించి చెప్పొద్దు, ఏడు రోజులు డైరీ రాయండి. గళ్లు ఇవి: ఎవరు, ఎన్నింటికి, ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ పనికి, దేనిమీద, ఎంతసేపు, ఖర్చెంత, వెంట ఎవరు. ఆ చివరి గడినే చాలామంది వదిలేస్తారు, అసలు గుట్టు దాంట్లోనే ఉంటుంది.
"మెట్రోలో 35 నిమిషాలు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఇంకో పొరపాటు. గేటు దాకా నడక 4, ఆటో కోసం నిలబడడం 8, ఆటోలో 10, మెట్రో 35, దిగాక నడక 12. మొత్తం 69. కారుతో పోటీ పడేది ఈ 69, ఆ 35 కాదు.

కాఫీపొడి:
ఆడవాళ్ల ప్రయాణాలు గొలుసులా ఉంటాయండీ. బడి, కూరగాయలు, మందుల షాపు, మళ్లీ ఇల్లు. దాన్ని "బజారుకు" అని ఒక్క వరసలో రాస్తే, తర్వాత ఎవరో ఒకరు "బస్సులో వెళ్లొచ్చుగా" అంటారు. నాలుగు ముక్కలూ విడివిడిగా రాయండి, చేతిలో సంచులు ఎన్నో కూడా.
ఖర్చు గడిలో కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకం మర్చిపోవద్దు. 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్లకు మామూలు బీఎంటీసీ (బెంగళూరు సిటీ) బస్సుల్లో ఉచితం, ఏసీ వజ్ర బస్సుల్లో కాదు. గుర్తింపు కార్డులో కర్ణాటక అడ్రసు ఉండాలి. ఆధార్‌లో ఇంకా గుంటూరో కర్నూలో ఉన్నవాళ్లకు టికెట్టు పడుతుంది. ఒకే ఇంట్లో వదినకు సున్నా, ఆడపడుచుకు ఛార్జీ!

లెక్కలపిచ్చి:
పొగ లెక్క కూడా కట్టండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఈ ట్రాఫిక్‌లో కారు లీటరుకు 12 కి.మీ. ఇస్తే కిలోమీటరుకు 190 గ్రాములు. స్కూటరు 45 ఇస్తే 50 గ్రాములు. అంటే నలుగురెక్కిన కారులో మనిషి వాటా, ఒంటరిగా స్కూటరు తోలినవాడి వాటా దాదాపు ఒకటే.
తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఖాళీగా తిరిగొచ్చే కారును రాయరు. బడి 3 కి.మీ. అయితే దింపి రావడానికి 6 కి.మీ., కిలో పైనే పొగ, ఒక్క పిల్లాడి కోసం. పైగా ఇంజను వేడెక్కకముందే ఆగిపోయే దూరాలకు మైలేజీ ఇంకా పడిపోతుంది.

స్కూటరే_నయం:
డబ్బు దగ్గర మెట్రో ఓడిపోతోంది సార్. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90కి పెరిగింది. అంత దూరం భార్యాభర్తలిద్దరూ వెళ్తే ఒకవైపే 180. స్కూటరుకు 25 కి.మీ.కి పెట్రోలు 60 లోపే.

నడక_లెక్క:
నిజమే, కానీ సెప్టెంబరు వానలో ఆ స్కూటరు బయటికి తీయగలరా? 2022 సెప్టెంబరులో బెళ్లందూరు వైపు లేఔట్లలోకే నీళ్లొచ్చాయి. అందుకే ఫిబ్రవరిలో ఒక వారం, వానల్లో ఒక వారం రాయమనేది. ఎండాకాలం డైరీ చూసి ఏడాది అలవాటు తేల్చకూడదు.
దారి గురించి కూడా ఒక ముక్క రాసుకోవాలి. "800 మీటర్లు" అంటే చాలదు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం, రోడ్డు మీదికి దిగాలి, సరిగ్గా అక్కడే రాంగ్ సైడు బైకులు. రాత్రి ఏడు తర్వాత ఆ ముక్కలో దీపం ఉందా? అత్తయ్య, మావయ్య గుడికి ఆటో అడుగుతున్నారంటే కారణం దూరం కాకపోవచ్చు, బస్సు మెట్టు ఎత్తు కావచ్చు.

కాఫీపొడి:
పిల్లలవి ఎవరు రాయాలి?

లెక్కలపిచ్చి:
పెద్దవాళ్లే, ఏ రోజుది ఆ రోజు రాత్రి అన్నాలయ్యాక. మర్నాటికి వాయిదా వేస్తే ఆఫీసు గుర్తుంటుంది గానీ, పాల ప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్లొచ్చింది ఎగిరిపోతుంది.