కార్తీక వనభోజనం, ఓవాహు దీవి (హవాయి): వంటల సంగతి తేల్చుకుందాం

భోజనాల బాధ్యత నుంచి:
అందరికీ నమస్కారం. వనభోజనానికి ఆరు వారాలే ఉంది. పార్కు పర్మిట్ పని నడుస్తోంది కాబట్టి ఇక్కడ తిండి గురించే మాట్లాడుకుందాం.

పోయినేడు ఎనభై మందికి పదకొండు రకాలు వండాం. చివర్లో రెండు ట్రేల పులిహోర నా చేతులతోనే పారబోశాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఆ రోజు విస్తట్లో ఈ దీవిలో పండింది కరివేపాకు ఒక్కటే. హవాయిలో తినే తిండిలో 85 నుంచి 90 శాతం బయటి నుంచే వస్తుందని అంచనా. శతాబ్దాల పాటు ఓడల సాయం లేకుండా తమ తిండి తామే పండించుకున్న నేల ఇది. తర్వాత చెరకు తోటల కోసం వాగుల నీళ్లు మళ్లించారు, కాలో మడులు ఎండిపోయాయి.

కాలో అంటే మన చేమే. ఇక్కడివాళ్లకి అది ఒట్టి దుంప కాదు. ఆకాశదేవుడు వాకియాకి పుట్టీ పుట్టగానే పోయిన బిడ్డని పాతిపెట్టిన చోట కాలో మొలిచిందనీ, తర్వాత పుట్టిన తమ్ముడు హాలోవా నుంచే హవాయియన్లు వచ్చారనీ వాళ్ల కథ. అంటే కాలో పెద్దన్న. అన్న తమ్ముడికి తిండి పెడతాడు, తమ్ముడు అన్నని కనిపెట్టుకుని ఉంటాడు. నేలని చూసుకోవడాన్ని 'మాలమా ఆయినా' అంటారు. మన వంతు బాధ్యత 'కులియానా'.

అందుకని ఈసారి ఆరు రకాలే చేద్దాం: చేమదుంపల పులుసు, చేమాకు పప్పు, ఉలు (సీమపనస) వేపుడు, చిలగడదుంపలు, పెరుగు, అరటిపళ్లు. బియ్యం, కందిపప్పు ఎలాగూ ఓడవే. వాటిని మాత్రం మనిషికింత అని కొలిచి కొందాం.

కొనుగోళ్ల నుంచి:
అక్కా, మెనూ బాగుంది. కానీ కాలో మన కొట్లో దొరికే చేమదుంప కన్నా బాగా ఖరీదు. రైతుని అడిగి కొంచెం తగ్గించుకోమంటారా?

భోజనాల బాధ్యత నుంచి:
వద్దు తమ్ముడూ, బేరం ఆడొద్దు. ఆ దుంప చేతికి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పైన పడుతుంది, చాలావరకు చేతి పనే. అయిదు రకాలు తగ్గించాం కదా, ఆ డబ్బు అక్కడికి పోనిద్దాం. ఆయన ఊరికే ఇస్తానన్నా తీసుకోవద్దు.

ఇంకో మాట. బ్యానర్ మీద 'అలోహా' (హవాయియన్లు ప్రేమగా పలకరించే మాట) అని రాయొద్దని నా అభిప్రాయం. ఆ మాట వాడుకోవాలంటే ముందు ఒక పూట మనకి కాలో అమ్మే రైతు మడిలో పని చేద్దాం. పదిమంది కలిసి చేసే పనికి హవాయియన్ల మాట 'లౌలిమా', అంటే చాలా చేతులు.

పెద్దల తరఫున:
అమ్మా, పోయిన వారం నేను ఆ మడి చూసి వచ్చాను. రైతు దుంప పీకి, పైన వేలెడు మందం దుంప, జానెడు కాడ ఉంచి కోశాడు. దాన్ని హూలి అంటారట. కడిగి మళ్లీ అదే బురదలో గుచ్చాడు. తినే భాగం మన చేతిలో ఉండగానే వచ్చే ఏటి పంట మడిలో నిలబడింది. నీళ్లు వాగు నుంచి కాలువలో వచ్చి, మడి నుంచి మడికి దిగి, మళ్లీ వాగులోకే పోతున్నాయి. మా వరంగల్ వైపు గొలుసుకట్టు చెరువులు గుర్తొచ్చాయి. ఇక్కడివాళ్లు నీళ్లని 'వాయ్' అంటారు, సంపదని 'వాయ్‌వాయ్' అంటారు.

పిల్లలకి ఇది కూడా చెప్పాలి: సాయంత్రం తూర్పున కృత్తికలు కనబడే కార్తీకం రోజుల్లోనే వాళ్ల మకహికి మొదలవుతుంది. పంటల పండగ, యుద్ధాలు మానేసే కాలం. మన కార్తీకానికి పేరు పెట్టిందీ ఆ చుక్కలే.

వంట టీమ్ నుంచి:
చేమాకు సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. ఆకు కనీసం గంట ఉడకాలి, దుంపలు ముందు రోజే ఉడికించి పెడతాం. వడ్డన కొంచెం కొంచెంగా, అడిగి అడిగి చేద్దాం. మిగిలితే డబ్బాల్లో ఇళ్లకి.

భోజనాల బాధ్యత నుంచి:
మంచిది. ఫోమ్ ప్లేట్లు వద్దు, విస్తళ్లకి మన పెరళ్లలోని అరటాకులు కోద్దాం. తొక్కలూ చెత్తా మాత్రం ఎవరి తోటకీ మోసుకెళ్లి ఎరువు చేయకండి. కోనసీమలో కొబ్బరిని తినే కొమ్ము పురుగు 2013లో ఈ దీవిలోనూ కనబడింది, అది కుళ్లే ఆకు చెత్తలో పెరుగుతుంది.

శనివారం పొద్దున్న ఏడున్నరకి మడి దగ్గర కలుద్దాం. ఇప్పటికి పద్నాలుగు పేర్లు వచ్చాయి, ఇంకో ఆరు కావాలి. కాళ్లకి పుండ్లు, గాయాలు ఉన్నవాళ్లు నీళ్లలో దిగొద్దు, లెప్టోస్పైరోసిస్ (గాయాల గుండా నీళ్ల నుంచి సోకే జబ్బు) భయం ఉంది. వాళ్లకి గట్టు మీద హూలీలు కట్టలు కట్టే పని ఇస్తాం.