లూప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ మొదటి సర్వర్ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: 12 సర్వర్ల పేర్లు ఒక ఫైల్లో పెట్టి, బాష్ స్క్రిప్ట్‌లో (కమాండ్లు వరుసగా రాసిన ఫైల్) వైల్ రీడ్ లూప్‌తో, అంటే ఫైల్లోని లైన్లు అయిపోయేదాకా ఒక్కొక్కటీ చదువుతూ, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీదుగా వెళ్లి కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) ద్వారా బ్యాకప్ ప్రోగ్రామ్ నడిపిస్తున్నానండీ, మొదటి సర్వర్‌లో పని చక్కగా అవుతుంది, ఆ తర్వాత ఏ ఎర్రరూ చూపకుండా లూప్ ముగిసిపోతుంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: తప్పు లూప్‌ది కాదు. లూప్ పేర్లు చదివే స్టాండర్డ్ ఇన్‌పుట్ (ప్రోగ్రామ్‌కి డేటా వచ్చే దారి) నుంచే ఎస్‌ఎస్‌హెచ్ కూడా చదువుతుంది, మిగతా 11 పేర్లనూ అదే లాగేసుకుంటుంది, ఇక రీడ్‌కి ఏమీ మిగలదు. ఎస్‌ఎస్‌హెచ్ పక్కన మైనస్ ఎన్ (-n) పెట్టి చూడండి, అప్పుడు అది ఆ ఇన్‌పుట్ జోలికి పోదు.

మరో జవాబు: బ్యాచ్‌మోడ్ యెస్ (BatchMode=yes, పాస్‌వర్డ్ అడగొద్దని చెప్పేది) అనే ఆప్షన్ కూడా తప్పకుండా ఇవ్వండి, లేకపోతే కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే ఫైల్) సరిగా లేని సర్వర్ దగ్గర పాస్‌వర్డ్ కోసం స్క్రిప్ట్ రాత్రంతా ఎదురుచూస్తుంది, నాకు జరిగింది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె, సున్నా అంటే అంతా సవ్యమే) 255 వస్తే సాధారణంగా గొడవ కనెక్షన్‌ది, సున్నా కాని వేరే అంకె అయితే మీ ప్రోగ్రామ్‌ది.

అడిగినవారు: మైనస్ ఎన్ పెట్టాను, 12 సర్వర్లూ పూర్తయ్యాయి! చాలా థాంక్సండీ.