మే నెలల గాలం ట్రిప్: డిండి, సోమశిల, కోయిల్‌సాగర్ – ఎక్కడ ఆగాలె?

నల్గొండ సవారీ:
నలుగురం, ఒక చిన్న కారు, రెండు టెంట్లు. దేవరకొండ మీదుగ డిండి, అక్కడ్నుంచి అచ్చంపేట, కొల్లాపూర్, సోమశిల. తిరిగొచ్చేటప్పుడు వనపర్తి, సరళాసాగర్, కోయిల్‌సాగర్ అనుకుంటున్నం. గుట్టల నడుమ నీళ్ల పక్కన రెండు రాత్రులు ఉండాలె, పొద్దుగాల గాలం వెయ్యాలె. కొర్రమట్ట తగలకున్నా రవ్వ (రోహు చేప) చాలు. మన్ననూరు అడివిల ఒక రాత్రి టెంటు వేసుకోవచ్చా? ఎర, సామాన్లు, పర్మిషన్ల సంగతి తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కట్టమీద:
ముందు మన్ననూరు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. లోపట సొంత టెంటు, గాలం రెండూ కుదరవు. శ్రీశైలం రోడ్డు మీది గేట్లు రాత్రి 9కి మూసి పొద్దుగాల 6కి తీస్తరు. అడివి చూడాలంటే ఫారెస్టోళ్ల సఫారీ బుక్ చేసుకోండి, అది వేరే ట్రిప్పు.

ఇగ రూటు. మూడు రోజులకు నాలుగు నీళ్లు ఎక్కువైతయి, సగం టైం కార్లనే పోతది. డిండి, సరళాసాగర్ మే నాటికి బాగ దిగిపోతయి. సరళాసాగర్ గొప్పంతా సైఫన్లల్ల ఉంది: నిండితే గేటు ఎత్తే పనిలేకుంట వాటంతట అవే నీళ్లు వదుల్తయి. ఎండకాలం పోతే ఆ కట్టడం చూసి వచ్చుడే. రెండు రాత్రులూ సోమశిలనే ఉండండి, కోయిల్‌సాగర్‌ను తిరుగుదారిల ఒక సాయంత్రానికి పెట్టుకోండి.

సోమశిల కాడున్నది శ్రీశైలం బ్యాక్ వాటర్. నిండు మట్టం 885 అడుగులు. మేల ఒడ్డు చాన దూరం జరుగుతది, మ్యాప్‌ల నీలంగ కనబడే కాడ మట్టే ఉంటది. రిజర్వాయర్లల్ల చేపలు పట్టేందుకు మత్స్యశాఖ లైసెన్సు ఉంటది, ఊరి చెరువైతే మత్స్యకారుల సొసైటీ మాట కావాలె. జిల్లా ఆఫీసుల ముందే అడగండి. ఒడ్డున వలలోళ్లు ఉంటే వాళ్ల వల బెండ్లు ఎటున్నయో చూసుకొని గాలం వెయ్యండి.

రవ్వ_బొచ్చ:
గాలం సంగతి నేను చెప్త. 8 అడుగుల రాడ్, 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 4 లేదా 6 నంబరు గాలం, 20 గ్రాముల సీసం గుండు. ముడి బిగించే ముందు దారాన్ని ఉమ్మితో తడపండి. పొడి దారం రాపిడికి వేడెక్కి ముడి కాడనే బలం పోతది. పెద్ద చేప పడ్డప్పుడు అక్కడనే పుటుక్కుమంటది, జనం దారాన్ని తిడ్తరు.

ఎర: పల్లి చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి) పొడి అర కిలో, వేయించిన తవుడు పావు కిలో, మైదా గుప్పెడు. చెక్కను అరగంట నానబెట్టి, మిగిలినవి కలిపి చపాతి పిండి కన్నా కొంచెం గట్టిగ పిసకాలె. మెత్తగైతే విసిరినప్పుడే రాలిపోతది, మరీ గట్టిగైతే గాలం ముల్లు బయటికి రాక చేప తప్పిపోతది. ఎసెన్సు సీసాలు అమ్ముతరు, నన్నడిగితే దండుగ. చెక్క వాసన చాలు.

బొచ్చ పైపైన మేస్తది, బెండు కట్టి రెండు మూడు అడుగుల లోతుల ఉంచండి. రవ్వ నడిమి నీళ్లల్ల, మోసు అడుగున. కొర్రమట్టకు ఎర్రలు, గడ్డి అంచు. అది గాలి పీల్చేందుకు పైకొస్తది, అప్పుడు నీటి మీద సుడి లేస్తది. కాసేపు కదలకుంట కూసొని చూస్తే ఏడ ఉందో తెల్సిపోతది.

టైం పొద్దుగాల 8 లోపట, సాయంత్రం 5 దాటినంక. ఎండకు పైనీళ్లు కాగి ఆక్సిజన్ తగ్గుతది, చేప లోతుకు దిగుతది. జెల్ల పడితే ఉత్త చేత్తో పట్టొద్దు: వీపు మీద ఒకటి, చెంపల పక్కన రెండు ముండ్లు. పట్కారు కావాలె.

పట్టిన చేపకు వెంటనే మొప్పలు, పేగులు తీసి, కిలోకు కిలో ఐసు వెయ్యండి. థర్మాకోల్ డబ్బాకు కింద బొక్క పెట్టాలె, కరిగిన నీళ్లల్ల నానితే కండ పిండైతది. కృష్ణల మొసళ్లు ఉన్నయి, కోసిన పేగులు టెంటు దగ్గర్ల పారెయ్యకండి.

నల్గొండ సవారీ:
సరళాసాగర్ తీసేసిన. కారు నీళ్ల దాక పోతదా అన్నా?

కట్టమీద:
పోనియ్యకు తమ్మీ. పైన పగుళ్లు వారి గట్టిగ కనబడ్తది, కింద బురద ఉంటది. టెంటు మేకు కాలితో తొక్కి చూడు, జానెడు సులువుగ దిగితే అక్కడ్నే ఆపు. దిగబడితే రేస్ చెయ్యొద్దు, టైరు ఇంక గుంత తవ్వుకుంటది. టైర్ల వెనక మట్టి తీసి, గాలి 20 పీఎస్‌ఐకి దించి, మెల్లగ వెనకకు తియ్యి. తారు రోడ్డెక్కేముందు మళ్ల నింపుకోవాలె, 12 వోల్టుల పంపు పెట్టుకో.

ఆ ఒండ్రుల టెంటు మేకులు నిలవవు. నాలుగు యూరియా సంచులల్ల మట్టి నింపి, తాడు కట్టి, అడుగు లోతుల పాతిపెట్టు. లేకుంటే మేల సాయంత్రం గాలిదుమారం లేస్తే టెంటు నీళ్లల్ల తేల్తది. వాగు గుంతల, ఒంటిచెట్టు కింద వెయ్యొద్దు.

మంచినీళ్లు మనిషికి రోజుకు 5 లీటర్లు. నలుగురికి మూడు రోజులకు 60, అంటే మూడు 20 లీటర్ల క్యాన్లు. కొల్లాపూర్‌ల నింపుకొని దిగండి.